ఐదున్నరేళ్లు మన పట్నంలో... ఆ తర్వాత?

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కాబోయే డాక్టర్ల బతుకుతీరు

ఆదిలాబాద్: తిరుపతి నుంచి సికింద్రాబాద్ మీదుగా వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు ఆదిలాబాదే ఆఖరి స్టేషను. ఎంబీబీఎస్ సీట్లు కేటాయించే రోజుల్లో ఆ బండి దిగేవారిని చూస్తే, రిమ్స్‌లో చేరడానికి వచ్చిన వారెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఒక చేతిలో పెట్టె, మరో చేతిలో కొత్త ప్లాస్టిక్ బకెట్టు, భుజాన చుట్టిన పరుపు. వెనుక పచ్చడి సీసాల సంచితో తల్లి, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకొని తండ్రి. ఆటో ఎక్కేముందు ఆ తండ్రులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒక్కటే. "ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు ఎన్ని గంటలు?"

ఊరు చూడకముందే ఊరు దాటే దారి అడగడం వింతగా తోచవచ్చు. కానీ దూరప్రాంతం నుంచి బిడ్డను తెచ్చి ఇక్కడ వదలిపోయే తండ్రికి ఆ బెంగ సహజం. ఆ బిడ్డ ఒకటి రెండు రోజులు ఉండి పోయే చుట్టం కాదు. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు. ఆపైన హౌస్‌సర్జన్‌గా ఏడాది. మొత్తం ఐదున్నరేళ్లు ఈ పట్నం నీళ్లే తాగాలి, ఈ ఎండకే మాడాలి, ఈ చలికే వణకాలి. ఆ కాలంలో మన పల్లెల వాళ్ల నాడి పట్టి, మన గాయాలు కుట్టి, మన ఆడబిడ్డల కాన్పులు చూసి చదువు నేర్చుకోవాలి.

నేర్చుకున్న తర్వాత వారు ఇక్కడే ఉంటారా, ఎక్కి వచ్చిన బండిలోనే తిరిగి పోతారా అన్నదే జిల్లా ప్రజలకు అసలు ప్రశ్న.

ఒకప్పుడు వరంగలే దిక్కు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో 2000 సంవత్సరం నాటికి ఒక్క వైద్య కళాశాల కూడా లేదు. డాక్టరు కావాలనుకున్న పిల్లలు 1959లో ఏర్పడిన వరంగల్ కాకతీయ వైద్య కళాశాలకో, హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ కళాశాలలకో పోయేవారు. రోగులదీ అదే దారి. జిల్లా ఆసుపత్రిలో చేయి దాటిందంటే వరంగల్ ఎంజీఎంకు రాసిచ్చేవారు. ఆదిలాబాద్ వైపు వారైతే మహారాష్ట్రలోని యవత్మాల్, నాగపూర్‌లకు కూడా పోయేవారు.

2000 దాటిన తొలి ఏళ్లలో కరీంనగర్ శివార్లలో ప్రైవేటు కళాశాలలు రెండు వెలిశాయి. ఒకటి నగునూరు వద్ద ప్రతిమ, రెండోది బొమ్మకల్ వద్ద చల్మెడ ఆనందరావు వైద్య విజ్ఞాన సంస్థ. 2008లో ఆదిలాబాద్‌లో ప్రభుత్వం రిమ్స్‌ను ప్రారంభించింది. నిన్నటిదాకా జిల్లా ఆసుపత్రిగా ఉన్నది బోధనాసుపత్రిగా మారింది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. జిల్లాకొక వైద్య కళాశాల అన్న నిర్ణయంతో 2022 నవంబరు 15న మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023 సెప్టెంబరు 15న కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. రిమ్స్‌తో కలిపితే ఎనిమిది. ఒక్కోదానిలో వందకు తగ్గకుండా సీట్లు ఉన్నాయి. ఒక్క తరం కిందట ఒక్కరు కూడా చదువుకునే వీలు లేనిచోట, ఇప్పుడు ఏటా 800 మందికి పైగా ప్రభుత్వ కళాశాలల్లోనే తొలి ఏడాదిలో చేరుతున్నారు.

వీరంతా పైవారు కారు. ఎక్కువ మంది తెలంగాణ పిల్లలే. రైతుల బిడ్డలు, సింగరేణి కార్మికుల బిడ్డలు, టీచర్ల బిడ్డలు ఉన్నారు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి గనుక రాజస్థాన్ నుంచో, కేరళ నుంచో వచ్చినవారూ ఒకే గదిలో సర్దుకుంటారు.

గది, మెస్సు, చలి

2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్‌లో 2.61 లక్షల మంది, ఆదిలాబాద్‌లో 1.17 లక్షల మంది ఉన్నారు. పల్లెవాసులకు ఇవి పెద్ద పట్నాలే. ఇంటర్మీడియట్ హైదరాబాద్ కార్పొరేట్ కళాశాలల్లో చదివి వచ్చిన పిల్లలకు మాత్రం ఇవి చిన్న ఊళ్లు. రాత్రి పది దాటితే అన్నం దొరికే హోటళ్లు వేళ్ల మీద లెక్కించవచ్చు. పుస్తకాలు కొనాలన్నా, పైచదువు పరీక్షకు శిక్షణ తీసుకోవాలన్నా హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిందే. సెల్‌ఫోన్ల పుణ్యమా అని పాఠాలు గదిలోనే వినగలగడం ఈ కాలం వారికి దక్కిన సౌకర్యం.

కొత్తగా పెట్టిన కళాశాలల్లో తొలి జట్ల వారికి హాస్టలే పెద్ద సమస్య. సొంత భవనాలు లేచేదాకా అద్దె భవనాల్లో సర్దుబాటు తప్పదు. కొందరు బయట గది వెతుక్కుంటారు. పెళ్లికాని మగపిల్లలంటే ఇంటివారు ఒక పట్టాన ఒప్పుకోరు. "మెడికోలం" అని చెబితే కాస్త మెత్తబడతారు. ఆ మర్నాటి నుంచి ఇంటావిడ మోకాళ్ల నొప్పి, పక్కింటాయన షుగరు, ఎదురింటి పసివాడి దగ్గు అన్నీ ఆ గది గడపకే వస్తాయి. తొలి ఏడాది కుర్రాడికి ఇంకా మందు పేరు ఒక్కటీ తెలియదంటే ఎవరూ నమ్మరు.

ఎందుకంటే తొలి ఏడాది చదివేది మందుల గురించి కాదు, మనిషి దేహం గురించి. శరీర నిర్మాణ శాస్త్రం గదిలో మృతదేహం ముందు నిలబడటంతో ఆ చదువు మొదలవుతుంది. పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండి నీరు కారుతుంది. మొదటివారం చాలామందికి ముద్ద దిగదు. తర్వాత అలవాటవుతుంది. ఆ దేహం ఎవరిదో విద్యార్థులకు తెలియదు. అయినా కోసేముందు దానికి నమస్కరించి, గౌరవంగా చూస్తామని ప్రమాణం చేస్తారు. డాక్టరుకు మొదటి గురువు ఆ పేరులేని మనిషే అని అధ్యాపకులు చెబుతుంటారు.

ఆదిలాబాద్ చలి మరో పరీక్ష. డిసెంబరు, జనవరిలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ ఈ జిల్లాలోనే నమోదవుతాయి. తెల్లవారుజామున వార్డుకు పోవాల్సిన పిల్లలు దుప్పటి కప్పుకొనే పుస్తకం తిరగేస్తారు. రామగుండం వైపు అందుకు విరుద్ధం. బొగ్గు గనుల నేల కావడంతో మే నెలలో ఫ్యాను గాలి కూడా సెగలాగే ఉంటుంది.

అన్నంలో తేడా, నీళ్లలో తేడా. అయితే మనసును సర్దిచెప్పేవీ ఈ ఊళ్లలోనే దొరుకుతాయి. కరీంనగర్ పిల్లలకు సాయంత్రమైతే దిగువ మానేరు కట్ట ఉంది. 2023 నుంచి మానేరుపై తీగల వంతెన ఉంది. దసరా ముందు వీధివీధిన బతుకమ్మ ఆడేటప్పుడు హాస్టలు అమ్మాయిలను ఇంటి ఆడపిల్లల్లా పిలిచి నడుమ నిలబెట్టుకునే తల్లులున్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో వైద్య శిబిరం పెడితే, మందులు ఇవ్వడానికి వెళ్లిన పిల్లలు గుస్సాడీ వేషాలు, మెస్రం వంశీయుల పూజలు కళ్లారా చూసి వస్తారు.

పెయ్యి అంటే దూడ కాదు

రెండో ఏడు నుంచి వార్డులకు పోవడం మొదలవుతుంది. అక్కడ ఎదురయ్యే మొదటి చిక్కు జబ్బు కాదు, భాష.

"పెయ్యంత కాలుతాంది సారూ" అంటుంది ముసలవ్వ. కోస్తా వైపు నుంచి వచ్చిన విద్యార్థికి పెయ్య అంటే ఆవుదూడ. అవ్వ చెబుతున్నది తన ఒళ్లు జ్వరంతో మండుతోందని అర్థమయ్యేసరికి పక్కనున్న నర్సు నవ్వాపుకోలేదు. "దమ్మొస్తాంది" అంటే ఆయాసం. "సోయి తప్పిండు" అంటే స్పృహ పోయింది. "దూప ఆగుతలేదు" అంటే దాహం తీరడం లేదు, అంటే షుగరు పరీక్ష చేయాలి. "పానం మంచిగ లేదు" అన్న ఒక్కమాటలో వంద జబ్బులు ఉండవచ్చు. ఏ పుస్తకంలోనూ లేని ఈ మాటలను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకునే విద్యార్థులు ఉన్నారు.

ఆదిలాబాద్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడి ఆసుపత్రికి గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారు వస్తారు. పెన్‌గంగ దాటి మహారాష్ట్ర పల్లెల వారూ వస్తారు. ఊరి నుంచి తోడు వచ్చిన ఆశా కార్యకర్తో, ఆశ్రమ పాఠశాలలో చదివే మనుమరాలో మధ్యలో నిలబడి మాట మార్చి చెప్పాలి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, నెల తప్పిందా వంటి ప్రశ్నలు పన్నెండేళ్ల పిల్ల నోటిగుండా వెళ్లి రావడం కష్టమే. సగం విషయం మధ్యలోనే జారిపోతుంది. గోండు తల్లి మౌనంగా తల ఊపితే అది ఔనో కాదో తెలియక కొత్త హౌస్‌సర్జన్ తికమకపడతారు.

భాష నేర్చిన బయటివారిని ఈ అడవి మరచిపోదన్నదానికి సాక్ష్యం ఉమ్మడి జిల్లాలోనే ఉంది. 1940లలో ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకొని, గోండి నేర్చుకొని, గోండుల మధ్య జీవించారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో మరణించారు. వారి సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. గిరిజనులు నేటికీ అక్కడ ఏటా వర్ధంతి జరుపుతున్నారు.

మరో విశేషం. ఈ పిల్లలకు పట్టాలిచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. జనం మాట్లాడే భాషే అసలైన భాష అని జీవితాంతం పోరిన కవి పేరు అది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆయన పేరున్న పట్టా అందుకునే డాక్టరుకు "పెయ్యి" అంటే ఏమిటో తెలియడం న్యాయమే.

రాత్రి రెండు గంటలకు

పగలు ఓపీలో పెద్ద డాక్టర్లు కనిపిస్తారు. అర్ధరాత్రి ఆటోలోనో 108లోనో మోసుకొచ్చిన మనిషి దగ్గరికి మొదట పరుగెత్తి వచ్చేది మాత్రం హౌస్‌సర్జనో, పీజీ విద్యార్థో అయి ఉంటారు. వయసు 23, 24 ఏళ్లు. మన ఇంట్లో ఆ వయసు పిల్లవాడిని ఇంకా చిన్నవాడనే అంటాం.

పత్తి పండే ఈ నేలలో పురుగుమందు కేసులు రాని వారం ఉండదు. పిచికారీ చేస్తూ మందు ఒంటికెక్కినవారు, అప్పుల బాధతోనో ఇంటి గొడవతోనో డబ్బా ఎత్తినవారు వస్తుంటారు. మోనోక్రోటోఫాస్ వంటి మందు తాగినవారికి అట్రోపిన్ ఇంజెక్షను ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. కొన్ని నిమిషాలకోసారి కంటిపాప చూడాలి, నాడి లెక్కించాలి, ఛాతీలో గురగుర తగ్గిందో లేదో వినాలి, దాన్నిబట్టి మోతాదు పెంచాలి లేదా తగ్గించాలి. తెల్లవార్లూ మంచం పక్కనే కూర్చొని ఆ పని చేసేది ఈ పిల్లలే. కొన్ని రకాల గడ్డి మందుకు విరుగుడే లేదు. పారాక్వాట్ తాగినవాడు రెండురోజులు మాట్లాడుతూనే ఉంటాడు. "నాకేం గాదుగదా సారూ?" అని అడుగుతూనే ఉంటాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ తరగతిలోనూ నేర్పరు.

వానకాలం పాముకాట్లు. రక్తపింజర కరిచిందేమోనన్న అనుమానం ఉంటే రోగి రక్తం కొద్దిగా శుభ్రమైన గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కినట్లు. గడియారం చూస్తూ ఆ 20 నిమిషాలు కాపలా కాసేది కూడా సాధారణంగా హౌస్‌సర్జనే. బయట చుట్టాలకు మాత్రం "ఏమీ చేయకుండా నిలబడ్డారు" అనిపిస్తుంది. కోపం అక్కడ మొదలవుతుంది.

ఒకసారి డ్యూటీ ఎక్కితే 24 గంటలు, ఒక్కోసారి 36 గంటలు దాటడం హౌస్‌సర్జన్లకు, పీజీలకు కొత్త కాదు. మెస్సు మూసిన తర్వాత ఆసుపత్రి గేటు ముందు చాయ్, బిస్కెట్లే రాత్రి భోజనం. ఈ పనికి ప్రభుత్వం ఇచ్చే భృతి హౌస్‌సర్జన్లకు 2023లో నెలకు 25,906 రూపాయలు. 2025లో దాన్ని 15 శాతం పెంచారు. అది నెలనెలా అందక ఆలస్యమైన ప్రతిసారీ మెడికోలు ప్లకార్డులు పట్టి రోడ్డెక్కడం పత్రికల్లో చూస్తున్నదే. ఇంటికి కొంత పంపాల్సిన పేదింటి పిల్లలకు ఆ ఆలస్యం చిన్న విషయం కాదు.

చెప్పేవారు ఉండాలి

రోగులు ఎక్కువ, పెద్దల రద్దీ తక్కువ గనుక చిన్న పట్నాల్లో పని బాగా వస్తుందని విద్యార్థులే ఒప్పుకుంటారు. హైదరాబాద్ పెద్ద కళాశాలలో పది మంది వెనుక నిలబడి చూడాల్సిన కాన్పును ఇక్కడ దగ్గరుండి చేయవచ్చు. అయితే తప్పు చేస్తుంటే చేయి పట్టుకొని ఆపేవారు పక్కన ఉండాలి. ఆ లోటు కొత్త కళాశాలల్లో బాగా ఉంది. 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని పలు ప్రభుత్వ వైద్య కళాశాలలకు అధ్యాపకుల కొరత, వసతుల లేమిపై నోటీసులు ఇచ్చింది.

కారణం తెలియనిది కాదు. హైదరాబాద్‌లో ఇల్లు, ప్రాక్టీసు, పిల్లల బడి ఉన్న ప్రొఫెసరుకు 300 కిలోమీటర్ల దూరంలో కాపురం పెట్టడం ఇష్టం ఉండదు. గురువుకు బదిలీ కోరుకునే వీలుంది, శిష్యుడికి లేదు. ఊరిలో నిజంగా ఉంటున్నది విద్యార్థే. ఇల్లు, బడి, భద్రత, దూరప్రాంతానికి తగిన అదనపు జీతం చూపకుండా ఖాళీలు నిండవని వైద్య సంఘాలు కోరుతూనే ఉన్నాయి.

2022లో మొదలైన కళాశాలల తొలి జట్టు నాలుగున్నరేళ్లు ముగించి హౌస్‌సర్జన్లుగా వార్డుల్లోకి వచ్చేది 2027 ప్రాంతంలో. అప్పటికి వారికి సరిగా నేర్పి ఉండకపోతే నష్టపోయేది వారొక్కరే కాదు. వారి ముందు మంచంపై పడుకునేది మన ఊరివాళ్లే.

భయం

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో విశ్రాంతి తీసుకుంటున్న పీజీ వైద్య విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురికావడం దేశాన్ని కదిలించింది. ఆగస్టు 17న దేశవ్యాప్తంగా 24 గంటలు సాధారణ వైద్యసేవలు నిలిచాయి. ఆ రోజుల్లో మన పట్నాల్లోనూ మెడికోలు కొవ్వొత్తులు పట్టి నడిచారు. అంతకుముందు 2023 డిసెంబరులో ఆదిలాబాద్ రిమ్స్ ప్రాంగణంలోకి రాత్రివేళ బయటివారు వచ్చి విద్యార్థులపై దాడి చేయడం, మెడికోలు ఆందోళనకు దిగడం జిల్లావాసులకు గుర్తుండే విషయమే.

వార్డు నుంచి హాస్టలుకు నడిచే దారిలో దీపం వెలుగుతుందా, డ్యూటీ గదికి గడియ ఉందా, గేటు దగ్గర కాపలా ఉందా అన్నవి అమ్మాయిల తల్లిదండ్రులు ఇప్పుడు మొదట అడిగే విషయాలు. ఇవి కోట్లు ఖర్చయ్యే కోరికలు కావు.

రోగి చనిపోయినప్పుడు బంధువుల కోపం ఎదురుగా ఉన్న చిన్న డాక్టరు మీదికి మళ్లడం మరో భయం. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధించేలా 2008లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, ఒక్కసారి చెంపదెబ్బ తిన్న పిల్లవాడు ఆ తర్వాత ప్రాణాపాయం ఉన్న కేసు రాగానే "హైదరాబాద్ తీసుకపోండి" అని రాసివ్వడం నేర్చుకుంటాడు. ఆ దారిలో పోయే ప్రాణాలు ఏ లెక్కలోకీ రావు.

దత్తత కుటుంబాలు

ఇంతవరకు పల్లె పట్నానికి వచ్చింది. 2021 తర్వాత జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన పద్ధతితో విద్యార్థులూ పల్లెకు వస్తున్నారు. తొలి ఏడు నుంచే ఒక్కో విద్యార్థి మూడు నుంచి ఐదు కుటుంబాలను దత్తత తీసుకొని, చదువు సాగినంతకాలం వారి ఆరోగ్యం గమనించాలి. బీపీ చూడటం, రక్తహీనత ఉందేమో కనుక్కోవడం, టీకాలు వేయించారా అని అడగడం, అవసరమైతే ఆసుపత్రికి రప్పించడం వారి పని. హౌస్‌సర్జన్లకు ఏడాదిలో 12 వారాలు సామాజిక వైద్య విభాగం కింద పల్లె ఆరోగ్య కేంద్రాల వైపు కేటాయించారు. పీజీ విద్యార్థులు కూడా మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి.

కాలేజీ బస్సు దిగి చేతిలో రిజిస్టరుతో గుమ్మం ముందు నిలబడిన పిల్లలను చూసి రేషన్ కార్డు సర్వేకు వచ్చారని పొరబడే ఇళ్లు కొన్ని. పింఛను రాయమనేవారు కొందరు. మూడోసారి వచ్చేసరికి మాత్రం చాప పరుస్తారు, మక్కజొన్న కంకి కాల్చి పెడతారు. ఇంట్లో పెద్దాయన బీపీ మందు మానేసిన సంగతి కొడుకుకు చెప్పనిది ఆ పిల్లకు చెబుతాడు. గిరిజన గూడేల్లో కొడవలి కణ రక్తహీనత ఎలా ఇంటింటా వస్తుందో పుస్తకంలో ఒక పేజీ. ఒక తల్లి ముగ్గురు పిల్లల ఒళ్లు నొప్పుల కథ విన్నవారికి అది జీవితాంతం మరవని పాఠం.

మనం చేయదగింది

ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకున్నవారంతా ఒకటి కాదని పల్లెవాసులు తెలుసుకోవడం మంచిది. విద్యార్థులు చూసి నేర్చుకుంటారు, సొంతంగా మందు రాయరు. హౌస్‌సర్జన్లు చదువు ముగించి, పెద్దల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. పీజీలు ఇప్పటికే డాక్టర్లు, ఒక విభాగంలో పైచదువు చదువుతుంటారు. "మీరు విద్యార్థా, డాక్టరా?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. పరీక్ష చేయించుకోవడం ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు రోగికి ఉంది. ఆడవారిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని కోరవచ్చు.

అలాగే మనవైపు నుంచి కొన్ని ఉన్నాయి. పురుగుమందు తాగితే ఏ మందో దాచకుండా డబ్బాతో సహా తేవాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం మాని, కరిచిన వేళ గుర్తుంచుకొని వెంటనే రావాలి. పాత చీటీలు, మాత్రలు సంచిలో వేసుకొని రావాలి. నాటుమందు వాడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఒక మంచం చుట్టూ పది మంది గుమికూడకుండా ఒక్కరే మాట్లాడాలి. దీనివల్ల విద్యార్థికి పాఠం తేలిక, రోగికి ప్రాణం భద్రం.

ఉంటారా? పోతారా?

హౌస్‌సర్జన్ ఏడాది ముగియగానే ఎక్కువమంది హైదరాబాద్ దారి పడుతున్నారు. పీజీ ప్రవేశపరీక్ష, ఆపైన ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు అన్నీ అటే లాగుతాయి. దాన్ని తప్పుపట్టడం సులభం. కానీ మన ఊళ్లోని బడిపంతులు, బ్యాంకు మేనేజరు, అగ్రికల్చర్ ఆఫీసరు ఎక్కడ కాపురం ఉంటున్నారో చూస్తే డాక్టరు ఒక్కరినే నిందించలేం.

అయినా కొందరు ఆగుతున్నారు. 2008లో రిమ్స్ తొలి జట్టులో చేరినవారు 2014 ప్రాంతంలో డాక్టర్లయి బయటికి వచ్చారు. ఇక్కడ చదివినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో పనిచేస్తున్న చోట రోగులకు తేడా తెలుస్తుంది. ఆ డాక్టరుకు మాట మార్చి చెప్పేవారు అవసరం లేదు. పెయ్యి కాలుతాందంటే వెంటనే థర్మామీటరు తీస్తారు.

భవనాలు ప్రభుత్వం కట్టాలి, గురువులను ప్రభుత్వం నింపాలి, దీపాలు, కాపలా అధికారులు చూడాలి. అవి లేకుండా ఊరి ఆదరణ ఒక్కటే ఎవరినీ నిలపలేదు. అవన్నీ ఉండి ఊరు ముఖం తిప్పుకున్నా ఎవరూ నిలవరు.

కోర్సు ముగిసి, అదే పెట్టె, రంగు వెలిసిన అదే బకెట్టు పట్టుకొని రైల్వేస్టేషనుకు బయలుదేరే రోజు ఒకటి వస్తుంది. వార్డులో బాగై పోయిన ఏ ముసలవ్వో గేటు దగ్గర ఎదురుపడితే అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒక్కటే. "మల్లెప్పుడొస్తవు బిడ్డా?"

హైదరాబాద్‌కు ఎన్ని గంటలో ఐదున్నరేళ్ల కిందటే తెలుసుకున్న ఆ పిల్లలకు, ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టంగా ఉంటోంది.